మధ్యలో పప్పేం చేసింది?

హెల్త్ చెకప్ ప్యాకేజీలో మా బాబాయికి యూరిక్ యాసిడ్ 7.6 అని, కాస్త ఎక్కువే వచ్చింది. మర్నాటి నుంచి ఇంట్లో పప్పు బంద్, పాలకూర బంద్, టమాటా బంద్. ఫ్యామిలీ గ్రూపులో ఒకాయన అయితే "ఇక గుండెపోటుకి ఒక్క అడుగే దూరం" అని తేల్చేశాడు. ఆదివారం మటన్, వీకెండ్ బీరు, రోజూ తాగే కూల్ డ్రింకు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. అదే రోజు చూసిన బీపీ 150 దాటిందన్న సంగతీ ఎవరికీ పట్టలేదు.

అమెరికాలో 47 వేల మంది మగవాళ్లని 12 ఏళ్లు గమనించి 2004లో ఫలితాలు బయటపెట్టారు. మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువగా తిన్నవాళ్లకి గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే నొప్పీ వాపూ, ఎక్కువొచ్చింది. ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) ఉన్న పప్పులు, పాలకూర లాంటి వాటి వల్ల ఎక్కువ కాలేదు. వెన్న తీసిన పాలు, పెరుగు వాడినవాళ్లలో ఇంకా తగ్గింది. మరి పప్పు మీద పడి ఏడుస్తారెందుకు?

ఇక గుండె సంగతి. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువే, కాదనను. కానీ వాళ్లకి బీపీ, షుగర్, పొట్ట, బలహీనపడ్డ కిడ్నీలు కూడా ఉంటాయి. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్రలు, గుండెకని వేసుకునే చిన్న డోసు ఆస్పిరిన్ కూడా ఈ అంకెని పెంచుతాయి. దొంగల గుంపులో కనబడ్డాడని దారిన పోయేవాణ్ణీ పట్టుకుంటే ఎలా? బ్రిటన్‌లో గుండె జబ్బు ఉండి, గౌట్ లేని 5,700 మందికి పైగా తీసుకుని సగం మందికి యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర ఇచ్చి, సుమారు ఐదేళ్లు చూశారు. యూరిక్ యాసిడ్ దిగింది. గుండెపోట్లు, స్ట్రోకులు, గుండె జబ్బు చావులు కలిపి చూస్తే మాత్రం మాత్ర వేసుకున్నవాళ్లలో 11.0 శాతం, వేసుకోనివాళ్లలో 11.3. 2022లో వచ్చిన ఫలితమిది.

ఇంకో విడ్డూరం. యూరిక్ యాసిడ్‌నే తగ్గించే ఫెబుక్సోస్టాట్ మాత్ర మీద 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గుండె మరణాల గురించే హెచ్చరిక పెట్టించింది. 2020లో వచ్చిన మరో ట్రయల్‌లో ఆ ముప్పు కనబడలేదు, నిజమే. అయినా ఏ నొప్పీ లేనివాడు కేవలం గుండెకి మంచిదని ఆ మాత్ర మింగడంలో అర్థముందా? అల్లోప్యూరినాల్‌కైనా అరుదుగా ఒళ్లంతా చర్మం ఊడేంత రియాక్షన్ వస్తుంది.

గౌట్ వచ్చినవాళ్ల కథ వేరు. అర్ధరాత్రి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా అరిచేవాళ్లు. వాళ్లలో గుండెపోటో స్ట్రోకో వచ్చినవాళ్లని పరిశీలిస్తే, అవి రాని గౌట్ రోగులతో పోలిస్తే, అంతకుముందు 60 రోజుల్లో నొప్పి తిరగబెట్టి ఉండే అవకాశం దాదాపు రెట్టింపని తేలింది. వాళ్లకి యూరిక్ యాసిడ్ 6 లోపు ఉండాలి, మాత్రలు క్రమంగా వాడాలి. మనవాళ్లేమో మెడికల్ షాపులో పెయిన్ కిల్లర్ కొని, నాలుగు రోజులు మింగి, వాపు దిగగానే అన్నీ ఆపేస్తారు. ఆ పెయిన్ కిల్లర్లు కిడ్నీకీ గుండెకీ మంచివి కావు. నొప్పి తగ్గాకైనా డాక్టర్ దగ్గరికెళ్లి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోండి బాబూ.