చెదరగొట్టడమే కాదు, పోగు చేస్తుంది కూడా

పెద్ద నక్షత్రం వెలిగితే చుట్టూ ఉన్న వాయుమేఘం చెదిరిపోతుందని, ఇక అక్కడ కొత్త నక్షత్రాలు పుట్టవని ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజమండీ.

ఆ నక్షత్రం అతినీలలోహిత కాంతికి హైడ్రోజన్ ఎలక్ట్రాన్లు ఊడి అయాన్లుగా మారి దాదాపు 10,000 డిగ్రీలకు వేడెక్కుతుంది. పక్కనున్న అణుమేఘమేమో (వాయువు ఇంకా విడిపోని అణువులుగానే ఉన్న భాగం) మైనస్ 250 కంటే చల్లన. అంత పీడనం తేడా ఉంటే వేడి వాయువు ఊరుకుంటుందా, ఉబ్బుతుంది. వాన వెలిశాక డాబా మీద నీళ్లు చీపురుతో తోస్తాం కదా, చీపురు ముందు నీళ్లు గట్టులా పోగవుతాయి. అలాగే మేఘం కూడా అంచున చిక్కటి పొరగా పేరుకుంటుంది. ఆ పొర సొంత బరువుకే ముక్కలై కొత్త నక్షత్రాలు పుట్టొచ్చని ఖగోళ శాస్త్రవేత్తలు ఎల్మెగ్రీన్, లాడా 1977లోనే రాశారు. అయితే అంచున కనిపించిన ప్రతి పసి నక్షత్రాన్నీ ఈ తోపుడు ఖాతాలో వేయలేం. కొన్ని ఎలాగూ పుట్టేవే.

మేఘం ఒక పక్క పలచగా ఉంటే మాత్రం గోలీసోడా కొట్టినట్టు వాయువు అటు బుస్సున తన్నుకొస్తుంది. నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘం ఓరియన్ నెబ్యులా అలా మనవైపే తెరుచుకుంది, దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. డిసెంబరు రాత్రుల్లో మా విశాఖలో అది సముద్రం మీంచే లేస్తుంది. బీచ్ రోడ్డు లైట్ల వెలుగులో కష్టం గానీ, భీమిలి వైపు చీకట్లోకి వెళ్లి మామూలు బైనాక్యులర్‌తో చూసినా ఓరియన్ నడుములా వరసగా ఉండే మూడు చుక్కల పక్కన పొగమరకలా దొరుకుతుంది.