పోస్టర్ మీద పేరు తీసేస్తే యుద్ధం ఆగిందా?

ఇప్పుడే జూమ్ మీటింగ్ నుంచి లేచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. అక్షర దోషాలుంటే సర్దుకుని చదవండి.

మా సైన్స్ గ్రూపు నెలకో ఆన్‌లైన్ ఉపన్యాసం పెడుతుంది. వచ్చే నెల సైబీరియాలో గడ్డకట్టిన నేల కరిగిపోవడం గురించి రష్యాలోని యాకుత్స్క్ నుంచి ఒక సైంటిస్టు మాట్లాడాలి. పోస్టర్ కూడా తయారైంది. ఇవాళ మా న్యూజెర్సీ దాతగారు, అదే, మా జూమ్ ఖర్చు భరించే మహానుభావుడు, "ఉక్రెయిన్ మీద యుద్ధం చేస్తున్న దేశం వాళ్ళని పిలవడం బాగోదండీ" అన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. పేరు తీసేశారు. ఆయన బదులు మేడ మీద కూరగాయల పెంపకం మీద ఉపన్యాసమట. వంకాయలకి ఏ యుద్ధంతోనూ సంబంధం లేదు కదా, హాయి.

దాతగారు ఉంటున్న దేశం 2003లో ఇరాక్ మీద పడింది. అప్పుడు ఈయన హెచ్1బి స్టాంపింగ్ కోసం చెన్నైలో కాన్సులేట్ ముందు నిలబడి ఉన్నారు. ఆ ఏడాది అమెరికా సైంటిస్టుల పేర్లు ఎవరైనా ఎక్కడైనా కొట్టేశారా? జెనీవా దగ్గర అణువు లోపలి కణాల మీద పరిశోధన చేసే సెర్న్ సంస్థ మండలిలో అమెరికా పరిశీలక హోదా ఒక్కరోజు ఆగిందా?

ప్రతి శివరాత్రికీ వాట్సాప్‌లో నటరాజ విగ్రహం ఫొటో తిరుగుతుంది చూడండి, ఆ సెర్నే. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకళ్ళనొకళ్ళు చంపుకున్న దేశాలే కలిసి 1954లో పెట్టుకున్న సంస్థ. అలాంటి చోట 2022 మార్చిలో రష్యా పరిశీలక హోదా ఆపేశారు, 2024 నవంబర్ 30తో ఒప్పందమే ముగించారు. రష్యా సంస్థల తరఫున పనిచేసే దాదాపు 500 మందికి తలుపులు మూసుకున్నాయి. మధ్యలో జరిగింది ఇంకా విడ్డూరం. రష్యా సంస్థల పేర్లు పేపర్ల మీద వేయాలా వద్దా అన్నది తేలక, సెర్న్‌లోని పెద్ద కణాల యంత్రం ఎల్‌హెచ్‌సీ పేపర్లు నెలల తరబడి జర్నళ్ళకు ఎక్కలేదు. విశ్వం పుట్టుక గుట్టు విప్పే వాళ్ళు, శుభలేఖలో ఎవరి పేరు వేయాలని అలిగే బంధువుల్లా కూర్చున్నారు! చివరికి సంస్థ పేరు వేయకుండా, సెర్న్‌తో ఒప్పందం ఉన్న ఏదో ఒక సంస్థకు చెందినవారని రాసి గట్టెక్కారు. మాస్కోకి కాస్త దూరంలో ఉన్న దుబ్నా అణు పరిశోధన కేంద్రంతో మాత్రం సంబంధం కొనసాగుతుందట. ఎందుకంటే అది అంతర్జాతీయ సంస్థట. సరేనండి.

ఇక అంతరిక్ష కేంద్రం సంగతి చూడండి. యుద్ధం మొదలై ఏడు నెలలైనా కాలేదు, 2022 సెప్టెంబర్‌లో అమెరికా వ్యోమగామి ఫ్రాంక్ రూబియో కజకిస్తాన్‌లోని బైకనూర్ రాకెట్ కేంద్రం నుంచి రష్యా సోయజ్‌లో వెళ్ళాడు. రెండు వారాలకి రష్యా అమ్మాయి అన్నా కికినా ఫ్లోరిడా నుంచి స్పేస్‌ఎక్స్ నౌకలో వెళ్ళింది. అక్కడ విలువలు అడ్డం రాలేదు. యురేనియం అయితే మరీ బాగుంది. రష్యా నుంచి శుద్ధి చేసిన యురేనియం కొనడం మీద అమెరికా నిషేధం చట్టమయ్యింది 2024 మేలో. అది కూడా అవసరమైతే 2027 చివరి దాకా కొనుక్కోవచ్చన్న వెసులుబాటుతో. కరెంటుకి రష్యా కావాలి, సైబీరియా నేల గురించి ముప్పావుగంట మాట్లాడే మనిషి మాత్రం పనికిరాడు!

ఉక్రెయిన్ వాళ్ళ కోపం నాకు తెలుసు, ఎవరూ నాకు పాఠం చెప్పక్కర్లేదు. ఖార్కివ్‌లో మన పిల్లలు బేస్‌మెంట్లలో నక్కి ఫోన్లు చేసిన రోజులు ఈ ఇళ్ళలో ఎవరూ మర్చిపోలేదు. అదే ఊళ్ళో భౌతిక శాస్త్ర సంస్థలోని న్యూట్రాన్ కేంద్రం మీద కూడా గుండ్లు పడ్డాయి. రష్యాలో వందకు పైగా యూనివర్సిటీల అధిపతులు 2022 మార్చిలో యుద్ధాన్ని సమర్థిస్తూ ఉత్తరం మీద సంతకాలు పెట్టారు. వాళ్ళని ఆపండి. ఆయుధాల పరిశోధన ఆపండి. నేను అడ్డమా? కానీ యుద్ధం మొదలైన రోజే, ఇది తప్పు అని బహిరంగ లేఖ రాసిన రష్యన్ సైంటిస్టులు వందల్లో ఉన్నారు, తర్వాత వేలయ్యారు. వాళ్ళకి స్వదేశంలో పోలీసుల భయం, బయటికి చూస్తే మూసిన తలుపులు. ఇంతకీ మేం పేరు కొట్టేసిన ఆయన ఏ జాబితాలో ఉన్నాడో మా గ్రూపులో ఒక్కరైనా అడిగారా?

రష్యా నేలలో సగానికి పైగా ఈ గడ్డకట్టిన నేలే. అది కరుగుతూ వదిలే, భూమిని వేడెక్కించే మీథేన్‌ని కొలవాలంటే అక్కడ నిలబడి కొలవాలి. యూరప్ వాళ్ళ డబ్బు ఆగింది, లెక్కలు పంచుకోవడం తగ్గింది. ఎండ మాత్రం రెంటచింతలలో తగ్గుతుందా?

మన పిల్లల నోట్లో పడిన పోలియో చుక్కలు గుర్తున్నాయా? సాబిన్ అమెరికాలో తయారుచేసిన ఆ మందుని పెద్ద ఎత్తున మొదట వేసింది 1959లో సోవియట్ పిల్లలకి. ఒకళ్ళ మీద ఒకళ్ళు అణుబాంబులు గురిపెట్టుకున్న కాలంలో. మా దాతగారు అప్పటి ప్రభుత్వాల్లో లేకపోవడం మన అదృష్టం.

అసలు ఈ తలుపులు మూసే వాళ్ళని నమ్మమంటే నాకు ఎక్కడ మండుతుందో చెప్తాను. క్రయోజెనిక్ ఇంజన్, అంటే అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజన్. రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో మనం 1991లో ఒప్పందం చేసుకుంటే, 1992లో అమెరికా దాని మీదా ఇస్రో మీదా ఆంక్షలు పెట్టింది. క్షిపణులకి వాడతామట! చివరికి టెక్నాలజీ రాలేదు, రెడీమేడ్ ఇంజన్లు వచ్చాయి. అప్పుడు మనం ఏ దేశంతో యుద్ధంలో ఉన్నాం? 2022 మార్చిలో అదే బైకనూర్‌లో రాకెట్ మీద అమెరికా, బ్రిటన్, జపాన్ జెండాలు కప్పేసి, మన జెండా ఉంచేసి, లండన్ కంపెనీ వన్‌వెబ్ ఉపగ్రహాలు పంపం పొమ్మంది రష్యా. ఆ కంపెనీ ఎక్కడికి పరుగెత్తుకొచ్చింది? శ్రీహరికోటకి. అక్టోబర్‌లో 36, మరుసటి మార్చిలో 36, మనవాళ్ళు కట్టిన క్రయోజెనిక్ దశ మీదే ఎగిరాయి. అప్పుడెవరూ క్షిపణి అనలేదు.

1998 పోఖ్రాన్ తర్వాత ఇంకా ఘోరం. తేజస్ యుద్ధ విమానం పని మీద అమెరికాలో ఉన్న మన ఇంజనీర్లని ఇంటికి పంపేశారు. అణుశక్తి సంఘం ఛైర్మన్ చిదంబరం గారు స్ఫటికాల మీద సమావేశానికి వెళ్తానంటే వీసా ఇవ్వలేదు. స్ఫటికాలండీ!

నా సంగతి వదిలేయండి. లేదు, వదలను. ఒక యూరప్ దేశంలో కాన్ఫరెన్స్‌కి నా పేపర్ ఒప్పుకున్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి కాగితాలు, ప్రిన్సిపాల్ ఉత్తరం, తిరిగి వస్తానని హామీ, అన్నీ ఇచ్చాను. కాన్ఫరెన్స్ అయిపోయాక పాస్‌పోర్ట్ కొరియర్‌లో వచ్చింది. నా పోస్టర్‌ని వేరే ఎవరో గోడకి అంటించారట, పక్కన నిలబడి చెప్పే మనిషి లేడు. నేను ఏ దేశం మీద దండెత్తానో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

వాదించాలనుకునే వాళ్ళు నిక్షేపంగా రండి. ముందు ఆ యురేనియం సంగతి చెప్పి మొదలుపెట్టండి.