పెట్టె పంపాం, ఆట పంపలేదు

మన ప్రవాస తెలుగు సంఘం ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయ్యాక తెర మీద వేసిన వీడియో కాల్ మీలో చాలామంది చూసే ఉంటారు. మన సీమ విభాగం వాళ్లు ఇంటింటికీ తిరిగి పోగుచేసిన పాత హ్యాండ్‌హెల్డ్ (చేతిలో పట్టుకుని ఆడే) గేమ్ యంత్రాలు కర్నూలు, అనంతపురం, కడప పిల్లలకు చేరాయి. వాళ్లు ఆడుకుంటుంటే చూసి మురిసిపోదామని ఏర్పాటు. కడప నుంచి ఒక పిల్లోడు, "చిన్నాయనా, ఇద్దరం కలిసి ఆడేదానికి కాల్యా. ఒగదాంట్లో బొమ్మే రాల్యా" అన్నాడు. వేదిక మీది పెద్దమనిషి మైకందుకుని, "ఏమప్పా, ఇంత ఖరీదైనవి పంపిస్తే ఆన్ చేసేది గూడా రాదా?" అన్నారు. హాలంతా నవ్వింది. పిల్లోడు ఫోను పక్కకు తిప్పేశాడు.

తెలియనిది పిల్లోడికి కాదు, మనకు. కార్యవర్గం వాట్సాప్‌లో పెట్టిన కడప పెట్టె జాబితా చూస్తే చాలు. అమెరికాలో కొన్న నింటెండో త్రీడీఎస్‌లు రెండు, వాటి కోసం లండన్ చుట్టాలు కలిపిన మారియో కార్ట్ 7 అనే బండ్ల పందెం ఆట క్యాసెట్ ఒకటి, ఒక సోనీ ప్లేస్టేషన్ వీటా, ఒక నింటెండో స్విచ్ లైట్. నాలుగు యంత్రాలున్నాయి, ఆట ఒక్కటే. ఆ ఒక్కటీ పనిచేయదు.

ఎందుకంటే త్రీడీఎస్‌కు ప్రాంతం తాళం ఉంది. యూరప్ క్యాసెట్‌ను అమెరికా యంత్రం తీసుకోదు. అదే అమెరికా క్యాసెట్ అయ్యుంటే డౌన్‌లోడ్ ప్లే అనే సదుపాయంతో ఆ ఒక్కదాన్నే పెట్టి రెండు యంత్రాల్లోనూ పందెం ఆడొచ్చు, మారియో కార్ట్ 7లో ఎనిమిది మంది దాకా. పోనీ డౌన్‌లోడ్ చేసుకుందామంటే త్రీడీఎస్ ఈషాప్‌లో, అంటే నింటెండో ఆన్‌లైన్ దుకాణంలో, కొనుగోళ్లు 2023 మార్చిలో ఆగిపోయాయి. ఇక బొమ్మ రాకపోవడం సంగతి: అమెరికా త్రీడీఎస్ ఛార్జర్ 120 వోల్టులది. పిన్ మార్చే అడాప్టర్ తగిలించి మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఛార్జర్ కాలిపోతుంది. పిన్ కన్వర్టర్ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. స్విచ్ ఛార్జర్‌కు ఈ బెడద లేదు, అది 100 నుంచి 240 దాకా తట్టుకుంటుంది.

వీటా మెమరీ కార్డు పాత యజమాని ఖాతాకు కట్టుబడి ఉంటుంది. ఫార్మాట్ చేస్తే గానీ కొత్త ఖాతా ఎక్కదు, ఫార్మాట్ చేస్తే అందులోని ఆటలన్నీ పోతాయి. స్విచ్ లైట్ ఇచ్చినవాళ్లు తమ ఖాతా తీసేసి ఇచ్చారు. అది సరైన పనే. కానీ వాళ్లు డౌన్‌లోడ్ రూపంలో కొన్న ఆటలన్నీ ఆ ఖాతాతోపాటే వెళ్లిపోయాయి. కడపకు చేరింది ఛార్జింగ్ ఎక్కే ఒక అద్దం ముక్క.

ఇదంతా ఏదో పొరపాటున జరిగింది కాదు. హ్యాండ్‌హెల్డ్ వ్యాపారం మొదటినుంచీ నడిచిందే ఇట్లా. యంత్రం మీద పెద్ద లాభం రాదు. ఆ యంత్రం మీద తప్ప మరెక్కడా దొరకని ఆట, ఎక్స్‌క్లూజివ్, కొనేవాణ్ణి లాక్కొస్తుంది. కొనేవాళ్లు పెరిగితే బయటి కంపెనీలు కూడా ఆ యంత్రానికే ఆటలు రాస్తాయి, ప్రతి కాపీ మీదా యంత్రం చేసినవాడికి వాటా కడతాయి. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలైందంటే ఎదుటివాడి తెర ఎంత బాగున్నా లెక్కలోకి రాదు.

1989లో వచ్చిన నింటెండో గేమ్ బాయ్ తెరకు రంగుల్లేవు, వెనక దీపం లేదు. నాలుగు పెన్సిల్ సెల్సు, 89.99 డాలర్లు. మరుసటి ఏడు జపాన్‌లో దిగిన సెగా గేమ్ గేర్‌కు రంగుల తెర ఉంది. ఆరు సెల్సు మింగి నాలుగైదు గంటల్లో చేతులెత్తేసేది. గేమ్ బాయ్ గెలుపులో ధర, సెల్సు ఖర్చు పాత్ర తక్కువేం కాదు. అయినా అమెరికాలో పెట్టెతోపాటే ఇచ్చిన టెట్రిస్, పైనుంచి పడే ముక్కలు పేర్చే ఆట, లేకపోతే పెద్దవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకునేవాళ్లే కాదు. ఆ ఆట చేతి యంత్రపు హక్కుల కోసం ఆటల వ్యాపారి హెంక్ రోజర్స్ మాస్కోకే వెళ్లి బేరం కుదుర్చుకొచ్చారు. సెగా తన వంతుగా కాలమ్స్ ఇచ్చింది. మంచి ఆటే గానీ దానికోసం ఎవరూ దుకాణం ముందు నిలబడలేదు.

ఇంకా స్పష్టంగా చూడాలంటే 2011కు రావాలి. అంతకుముందు జపాన్‌లో సోనీ పాత చేతి యంత్రం పీఎస్‌పీని నిలబెట్టింది క్యాప్‌కామ్ వాళ్ల మాన్‌స్టర్ హంటర్. నలుగురు ఒకచోట కూర్చుని వైర్‌లెస్‌లో కలిసి వేటాడే ఆట. ఒకడు కొంటే మిగతా ముగ్గురూ కొనాల్సిందే. నింటెండో త్రీడీఎస్ ఆ ఏడు ఫిబ్రవరిలో 25,000 యెన్లకు వచ్చి, సరైన ఆటల్లేక చతికిలబడి, ఆగస్టు కల్లా 15,000 యెన్లకు దిగింది. సోనీ వీటా డిసెంబరు 17న విడుదల కావాలి. సరిగ్గా వారం ముందు, డిసెంబరు 10న, మాన్‌స్టర్ హంటర్ ట్రై జీ త్రీడీఎస్ మీద వచ్చింది. వీటా మీద రాలేదు.

చిత్రమేమిటంటే ఆ ఆట హాయిగా ఆడాలంటే బొటనవేళ్లతో తిప్పే స్టిక్కులు రెండుండాలి. వీటాకు పుట్టుకతోనే రెండున్నాయి. త్రీడీఎస్‌కు ఒక్కటే. అందుకని నింటెండో అదే రోజు సర్కిల్ ప్యాడ్ ప్రో అనే తొడుగు అమ్మింది. యంత్రాన్ని అందులో కూర్చోబెట్టాలి, దానికో చిన్న ట్రిపుల్ ఏ సెల్లు వేయాలి. చూడ్డానికి విరిగిన చెయ్యికి కట్టు కట్టినట్టుండేది. జనం అదీ కొన్నారు. అన్ని హంగులున్న వీటా ఆట చేజారిపోయి కూలబడింది. దానికితోడు సోనీ సొంత మెమరీ కార్డే వాడాలన్న షరతు. అమెరికాలో 32 జీబీది దాదాపు 100 డాలర్లు. త్రీడీఎస్ చివరికి 7.5 కోట్లకు పైగా అమ్ముడైంది.

ఎక్స్‌క్లూజివ్‌లను తిట్టిపోయడం సులువు. తిట్టేముందు ఒకటి ఒప్పుకోవాలి. 2017 మార్చిలో స్విచ్‌తోపాటే వచ్చిన జెల్డా ఆట మీద నింటెండో అన్నేళ్లు పెట్టుబడి పెట్టగలగడానికి కారణం, దాని కోసం జనం తన పెట్టెనే కొంటారన్న ధీమా. ఆ ధీమా లేకపోతే అట్లాంటి ఆట పుట్టదు. మరోవైపు వాల్వ్ కంపెనీ 2022లో తెచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రానికి సొంత ఎక్స్‌క్లూజివ్ అంటూ లేదు. కంప్యూటర్‌లో కొన్న ఆటే అందులోనూ ఆడుతుంది, రేపు వేరే కంపెనీ యంత్రం కొన్నా అదే ఖాతా, అవే ఆటలు. సోనీ కూడా గాడ్ ఆఫ్ వార్ వంటివి కంప్యూటర్‌కు తెచ్చాక అవి డెక్‌లోకి వచ్చేశాయి. పోటీ ఇక్కడ తెర, బ్యాటరీ, ధర మీద నడుస్తుంది. కొనేవాడికి ఇదే మేలు. అయితే దొంగాట పట్టే సాఫ్ట్‌వేర్ అడ్డొచ్చి ఫోర్ట్‌నైట్, వాలరెంట్ వంటివి అందులో నడవవు. తాళం తీసిన ఇంట్లోనూ ఒకటి రెండు గదులు మూసే ఉంటాయి.

మన ఊళ్లలో అసలు పోటీదారు ఫోను. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఏ పిల్లోణ్ణి కదిపినా బీజీఎంఐ (పబ్‌జీకి భారత్ రూపం), ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అంటాడు. ఈ రెండూ మనం పంపిన ఏ యంత్రంలోనూ లేవు. బీజీఎంఐ భారత్‌కే పరిమితం కాబట్టి డాలస్ అన్న, కడప తమ్ముడు అందులో కలవనూ లేరు. దేశాల మధ్య కూడా ఎక్స్‌క్లూజివ్ ఉంటుందని మన కమిటీలకు ఇంకా తట్టలేదు.

మనవాళ్లకూ ఒక అలవాటుంది, చెప్పక తప్పదు. అమెరికా నుంచి వచ్చిన వస్తువంటే జేజి బీరువాలో పెట్టి తాళం వేస్తుంది, పండక్కి తీస్తుంది. లిథియం బ్యాటరీ పూర్తిగా దిగిపోయి నెలల తరబడి పడుంటే మళ్లీ ఛార్జింగ్ ఎక్కకపోవచ్చు. ఆరు నెలలకు ఒకసారైనా ఎక్కించమని నింటెండోనే చెబుతుంది. కర్నూలు ఎండల్లో ఇనుప బీరువా సంగతి సరేసరి. జేజిని ఏమీ అనలేం, అది ఆమె ప్రేమ. యంత్రంతోపాటు ఈ సంగతి తెలుగులో ఒక చీటీ మీద రాసి పెట్టడం మన పని.

కాబట్టి కార్యవర్గానికి మనవి. కలగాపులగంగా పోగుచేయకండి. ఒక ఊరికి ఒకే రకం యంత్రం పంపండి. స్విచ్ అయితే లైట్ వద్దు, మామూలుది పంపండి. దాని రెండు జాయ్‌కాన్‌లు, అంటే తెరకు అటూఇటూ ఉండే మీటల చేతులు, ఊడదీసి అడ్డంగా పట్టుకుంటే మారియో కార్ట్ 8 డీలక్స్ కార్డు ఒక్కదానితో ఇద్దరు పిల్లలు ఒకే తెర మీద ఆడతారు. ఇంకో జత జాయ్‌కాన్‌లు కలిపితే నలుగురు. లైట్‌కు ఆ చేతులు ఊడవు, టీవీకీ తగలదు. స్విచ్ కార్డులకు ప్రాంతం తాళం లేదు, కాబట్టి లండన్ చుట్టాలదీ పనికొస్తుంది.

ఆటలు కార్డు రూపంలోనే అడగండి. స్విచ్ తర్వాత వచ్చిన స్విచ్ 2 కార్డుల్లో మాత్రం జాగ్రత్త. కొన్నింటి డబ్బా మీద కింద గేమ్ కీ కార్డు అని తాళంచెవి గుర్తుతో ఉంటుంది. అందులో ఆట ఉండదు, తాళంచెవే ఉంటుంది, ఆటంతా నెట్ నుంచి దింపుకోవాలి. 20 జీబీ ఆటను రోజుకు 1.5 జీబీ ఫోను ప్యాకుతో దింపాలంటే రెండు వారాలు. డౌన్‌లోడ్ కొనక తప్పకపోతే, నింటెండో ఈషాప్ దేశాల్లో భారత్ లేదు గనుక పిల్లోడి ఖాతాను అమెరికా దేశంతో తెరిచి, డాలర్ల గిఫ్ట్ కార్డు పంపండి. ఖాతా దేశం, కార్డు దేశం ఒకటి కాకపోతే కోడ్ తీసుకోదు.

వచ్చే సంక్రాంతి పెట్టె కట్టేముందు ఇచ్చేవాళ్ల ఫారంలో ఈ గడులు చేర్చండి: యంత్రం ఏ దేశంలో కొన్నది, ఛార్జర్ మీద ఎన్ని వోల్టులు రాసుంది, తోడుగా ఏ కార్డు ఇస్తున్నారు, పేరెంటల్ పిన్ (పిల్లల వాడకానికి పెద్దలు పెట్టే తాళం అంకె) తీసేశారా. కార్డు గడి ఖాళీగా ఉంటే ఆ యంత్రాన్ని పక్కన పెట్టండి. ఇక కడప పిల్లోడికి ఒక అమెరికా మారియో కార్ట్ 7 క్యాసెట్, భారత్‌లో పనిచేసే ఛార్జర్ బాకీ ఉన్నాం. ఆ రెండూ, మైకు పట్టుకున్న పెద్దమనిషి నుంచి ఒక ఫోన్ కాలూ ఈ నెలలోనే వెళ్లాలి.