బావ కొన్న బ్రహ్మాస్త్రం

డోటా 2 దుకాణం ముందు మా బావని వదలడమంటే పెళ్లి చీరలకి మేనత్తని వెంట తీసుకెళ్లడమే. అన్నీ తీయించి చూసి, చివరికి ఖరీదైనదే మూట కట్టిస్తాడు. 2013లో వాల్వ్ విడుదల చేసిన ఈ కంప్యూటర్ ఆటలో ఐదుగురేసి రెండు జట్లు తలపడతాయి. ఒక్కొక్కరం ఆడించే పాత్రే హీరో. ఆ హీరో వాడుకునే సామాన్లకి ప్రధానంగా ఆరే గళ్లు. వాటిలో ఏం పెట్టాలో అవతలి జట్టులో ఐదుగురూ ఎవరో చూసి తేల్చుకోవాలి. బావ మాత్రం హీరోని ఎంచుకోకముందే ఏదో గైడ్ తెరిచి ఆరూ ఖాయం చేసేసుకుంటాడు. ముహూర్తం పెట్టేశాక మార్చకూడదట!

ఆ రాత్రి బావ హీరో స్నైపర్. తుపాకీ పొడుగు, ప్రాణం పలచన. అవతలి జట్టులో ఫాంటమ్ అసాసిన్ అనే హీరో. ఆవిడ మీద వేసిన దెబ్బల్లో కొన్ని అసలు తగలనే తగలవు. అది చాలదన్నట్టు దుకాణంలో బటర్‌ఫ్లై అనే సామాను కూడా కొనుక్కుంది. దాని పనీ దెబ్బ తప్పించడమే. గైడ్ ప్రకారం బావ డేడలస్ అనే ఆయుధం కొన్నాడు. క్రిటికల్ అనే అదృష్టపు దెబ్బ పడితే బలం రెండింతలు దాటుతుంది, నిజమే. పడాలి కదా! తుపాకీ ఢాం అనడం, తెర మీద ఎర్రగా 'మిస్' అని లేవడం. మళ్లీ ఢాం, మళ్లీ మిస్.

"బావా, మంకీ కింగ్ బార్ కొను. అదుంటే చాలా దెబ్బలు తగుల్తాయి."

"కోతి కర్రా? గైడ్‌లో లేదు రా."

"ఆంజనేయస్వామి గద అనుకుని కొను."

"ఇవాళ శనివారం కాదుగా."

ఇంతలో ఫాంటమ్ అసాసిన్ ఒక్క గెంతులో బావ నెత్తిమీద వాలి, రెండు వేట్లలో పని కానిచ్చింది. బావ మాట్లాడటం మానేశాడు. బావ మాట్లాడకపోతే ఏదో కొనడానికి బంగారం, అంటే ఆటలో డబ్బు, దాస్తున్నాడని అర్థం.

దాచి దాచి డివైన్ రేపియర్ అనే కత్తి కొన్నాడు. ఐదు వేలకు పైనే. దాన్ని మించిన డ్యామేజ్ ఆ దుకాణంలో లేదు. కాకపోతే దానికో తిరకాసుంది: పట్టుకున్నవాడు చస్తే కత్తి అక్కడే పడిపోతుంది, శత్రువైనా సరే ఎంచక్కా ఏరుకోవచ్చు. క్రిస్టల్ మెయిడెన్ అనే హీరోతో బావ వెనకాల ఈడ్చుకుంటూ నడుస్తున్న నాకు గుండె గుభేలుమంది.

"ఇప్పుడు చూడు," అంటూ బావ ముందుకురికాడు. ఢాం. మిస్. ఈసారి మిస్ అయింది మహా ఖరీదైన దెబ్బ, అంతే తేడా. ఫాంటమ్ అసాసిన్ బావని పడేసి, కత్తి తీసుకుని, అదే ఊపులో నన్నూ పడేసి, కూలితే ఆట ఓడిపోయే మా ఏన్షెంట్ కట్టడం వైపు నడిచింది.

"స్నైపర్‌ని రిపోర్ట్ చేయండి" అని మా జట్టులోని అపరిచితుడొకడు చాట్‌లో రాశాడు.

"నేనేం చేశాన్రా? కత్తి కొన్నా కదా!"

"ఆవిడకి కొనిచ్చావు బావా."

తర్వాతి ఆటలో బలవంతంగా బావకి సపోర్ట్, అంటే జట్టుకి సాయపడే పని, అంటగట్టాం. దుకాణం తెరిచి కాసేపు గొణుక్కున్నాడు.

"ఈ అబ్జర్వర్ వార్డులకి ఎంత?" శత్రువులు ఎటు తిరుగుతున్నారో కనిపెట్టడానికి దూరంగా పాతే కళ్లవి.

"ఫ్రీ బావా."

"ఫ్రీయా!" అని ఉన్నవన్నీ పట్టుకుని, ఎవరూ ఎత్తుకుపోకుండా మా సొంత గూట్లోని ఫౌంటెన్ పక్కనే పాతేశాడు.