విమానాల కోసం కాపు కాసేవాళ్లను అనుమానించొద్దు

2001 నవంబరులో గ్రీస్‌లోని కాలమాటా వైమానిక స్థావరం దగ్గర పోలీసులు 14 మందిని పట్టుకున్నారు. పన్నెండు మంది బ్రిటన్ వాళ్లు, ఇద్దరు డచ్ వాళ్లు. వాళ్ల దగ్గర దొరికిన నోటు పుస్తకాల నిండా విమానాల నంబర్లే. సైనిక స్థావరం దగ్గర నిలబడి నంబర్లు రాసుకునేవాడు గూఢచారి కాక ఇంకెవరై ఉంటాడని అక్కడి అధికారులు అనుకున్నారు. వారాల తరబడి జైల్లో పెట్టారు. 2002 ఏప్రిల్‌లో కోర్టు ఎనిమిది మందికి మూడేళ్లు, మిగతా ఆరుగురికి ఏడాది చొప్పున శిక్ష వేసింది. అదే ఏడాది నవంబరులో అప్పీలు కోర్టు అందరినీ నిర్దోషులని తేల్చింది. విమానాలు చూసి నంబర్లు రాసుకోవడం కొందరికి కేవలం సరదా అన్న చిన్న విషయం కోర్టు తలకెక్కడానికి ఏడాది పట్టింది.

ఆ సరదా పేరు ప్లేన్ స్పాటింగ్. విమానాశ్రయం కంచె దగ్గర గంటల తరబడి నిలబడతారు, వచ్చే పోయే విమానాలను గుర్తుపడతారు, నంబరు రాసుకుంటారు, ఫొటో తీస్తారు. బయటివాళ్లు వీళ్లను అయితే పనీపాటా లేనివాళ్లు అనుకుంటారు, లేదంటే అనుమానంగా చూస్తారు. రెండూ తప్పేనని నా వాదన. ఎవరూ అడగకుండా, ఎవరి జీతమూ తీసుకోకుండా ఆకాశంలో జరిగే రాకపోకలకు లెక్క రాసి పెడుతున్నది వీళ్లే. ఆ లెక్క ఎంత విలువైనదో చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ముందు ఆ చూపు ఎలాంటిదో చెప్పాలి. మనకు దూరం నుంచి అన్ని విమానాలూ ఒకేలా కనిపిస్తాయి. స్పాటర్‌కు అలా కాదు. దిగడానికి వస్తున్న బోయింగ్ 767 ప్రధాన చక్రాలు చూడండి: ముందు జత కిందికి వంగి, వెనక జత పైకి ఉంటుంది. ఎయిర్‌బస్ ఏ330లో దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, వెనక చక్రాలు ముందు నేలను తాకుతాయి. రెక్కల కింద ఇంజిన్ వెనక అంచు రంపపు పళ్లలా ఉంటే అది 787 కావచ్చు, 737 మ్యాక్స్ కావచ్చు. ఆ రెండిట్లో ఏదన్నది సైజు చూస్తేనే తెలిసిపోతుంది. కాక్‌పిట్ అద్దాల చుట్టూ నల్లటి పట్టీ ఉంటే ఏ350 గానీ ఏ330నియో గానీ అని చెప్పేస్తారు. ఇది చూసి చూసి అలవడే విద్య. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఈ విద్య కోసమే సామాన్య పౌరుల మీద ఆధారపడింది. రాయల్ అబ్జర్వర్ కోర్‌లో వేలమంది వలంటీర్లు నేల మీద నిలబడి, ఆకాశంలో వెళ్తున్నది మనదా శత్రువుదా అని ఆకారం చూసి చెప్పేవారు. అప్పుడు దేశసేవ అనిపించుకున్న అదే నైపుణ్యం, శాంతి రోజుల్లో నేరంగా కనిపించడం నాకు మింగుడు పడదు.

ఫొటో తీయడం ఇంకో ఎత్తు. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. అందుకే స్పాటర్ ఇంట్లోంచి బయల్దేరే ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుంటాడు. రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటే, పడమటి గాలికి 27వ నంబరు రన్‌వే, తూర్పు గాలి అయితే అదే రన్‌వే రెండో కొస, 09. ఆ నంబరు దిక్సూచి చూపించే డిగ్రీల్లో చివరి అంకె తీసేస్తే వచ్చేదే. గాలి సంగతి తేలాక సూర్యుడు వీపు వెనక ఉండే చోటు వెతుక్కోవాలి. ఇంత చేశాక కూడా మధ్యాహ్నం అయితే రన్‌వే మీది వేడి గాలి పని పాడుచేస్తుంది. పెద్ద లెన్స్ విమానంతో పాటు మధ్యలో కదులుతున్న ఆ వేడిని కూడా దగ్గరికి తెస్తుంది కాబట్టి ఫొటోలో రెక్కలు అలలు అలలుగా వస్తాయి. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా దీనికి మందు లేదు, తెల్లవారుజామునే రావడం తప్ప. ఇక ప్రొపెల్లర్ విమానం వస్తే లెక్క మొత్తం మారుతుంది. జెట్‌కు సెకనులో వెయ్యో వంతు షటర్ స్పీడ్ బాగుంటుంది. ప్రొపెల్లర్‌కు అదే పెడితే రెక్కలు ఆగిపోయి, గాల్లో ఇంజిన్ చెడిపోయిన విమానంలా కనిపిస్తుంది. సెకనులో 125వ వంతుకో, అంతకన్నా తక్కువకో దించి, విమానంతో పాటే కెమెరాను తిప్పుతూ నొక్కాలి. పది తీస్తే ఒకటి నిలుస్తుంది.

ఇంత కష్టపడి తీసిన ఫొటో ఎవరికి పనికొస్తుంది? ఒక సంగతి చూడండి. 2003 డిసెంబరు 31న ఖాలిద్ ఎల్ మస్రీ అనే జర్మన్ పౌరుణ్ని మరొకరనుకుని మాసిడోనియాలో పట్టుకున్నారు. 2004 జనవరిలో సీఐఏ అతణ్ని ఒక బోయింగ్ 737లో అఫ్గానిస్తాన్‌కు తరలించింది. దాని రిజిస్ట్రేషన్, అంటే తోక దగ్గర రాసే నంబరు, ఎన్313పి. తర్వాత అతను తన కథ చెప్తే నమ్మేవాళ్లు లేరు. అయితే ఆ విమానం మాసిడోనియా రాజధాని స్కోపియే వెళ్లక ముందు స్పెయిన్‌లోని పాల్మాలో ఆగింది. ఆ జనవరిలోనే అక్కడ ఒక స్పాటర్ దాన్ని ఫొటో తీశాడు.   జర్నలిస్టులు, దర్యాప్తు అధికారులు ఇలాంటి ఫొటోలను, విమానాల రాకపోకల రికార్డులను పక్కపక్కన పెట్టి ఆ రహస్య ప్రయాణాల గుట్టు బయటపెట్టారు. 2012 డిసెంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఎల్ మస్రీకి అన్యాయం జరిగిందని తీర్పు చెప్పింది.

ఇందులో స్పాటర్ల పాత అలవాటు ఒకటి బాగా పనికొచ్చింది. సీఐఏ వాడిన మరో విమానం, ఎన్379పి అనే గల్ఫ్‌స్ట్రీమ్ జెట్, దాని నంబరు తర్వాత మార్చారు. కొన్నాళ్లకు మళ్లీ మార్చారు. తోక దగ్గర నంబరు మార్చడం పెద్ద పని కాదు, పెయింట్ వేస్తే చాలు. ఫ్యాక్టరీలో పడిన సీరియల్ నంబరు మాత్రం ఆ విమానాన్ని చచ్చేదాకా వదలదు. ఏ సీరియల్ నంబరు విమానం ఏ ఏడాది ఏ పేరుతో తిరిగిందో స్పాటర్లు దశాబ్దాలుగా రాసి పెట్టుకుంటారు. చూసేవాళ్లకు చాదస్తంగా అనిపించే ఆ పట్టికలే దాచిన విమానాన్ని పట్టిచ్చాయి.

ఇప్పుడు ఫోన్‌లో యాప్ తెరిస్తే తల మీద వెళ్తున్న విమానం ఏదో తెలిసిపోతుంది కదా, ఇంకా కంచె దగ్గర నిలబడటం ఎందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ రోజుల్లో చాలా విమానాలు ఏడీఎస్-బీ పద్ధతిలో తమ స్థానం, ఎత్తు, వేగం సెకనుకు ఒకటి రెండుసార్లు రేడియోలో ప్రకటిస్తూ వెళ్తాయి. 2006లో స్వీడన్‌లో మొదలైన ఫ్లైట్‌రాడార్24 లాంటివి నడిచేది కూడా ఇళ్ల మీద రిసీవర్లు పెట్టుకున్న అభిమానుల వల్లే. కానీ అక్కడ మనకు అందేది విమానం తన గురించి తాను చెప్పుకున్న మాట. సైనిక విమానాలు ఆ ప్రసారం ఆపేయగలవు. అమెరికాలో యజమాని కోరితే ప్రభుత్వ డేటా వాడే సైట్లు అతని విమానాన్ని చూపించవు. కంచె దగ్గరి కెమెరాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, కంటి ముందు ఉన్నది ఉన్నట్టు పట్టుకుంటుంది. రెండూ కలిస్తేనే రికార్డు పూర్తవుతుంది.

చరిత్ర కోసమైనా ఈ ఫొటోలు కావాలి. ఆంటొనోవ్ ఏఎన్-225 మ్రియా అనే భారీ సరుకు రవాణా విమానం ప్రపంచంలో ఒక్కటే ఉండేది. ఆరు ఇంజిన్లు, 1988లో మొదటిసారి ఎగిరింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లోని హోస్టోమెల్ విమానాశ్రయం మీద రష్యా చేసిన దాడిలో నాశనమైంది. అది దిగిన ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు కెమెరాతో కాపు కాశారు కాబట్టే, ఏ రంగుల్లో, ఏ ఏడాది, ఎక్కడికి వెళ్లిందో ఇవాళ చూడగలుగుతున్నాం. కంపెనీ వాళ్లు తీయించే ఫొటోల్లో విమానం ఎప్పుడూ కడిగినట్టే ఉంటుంది. మసి పట్టిన ఇంజిన్, అతుకులు వేసిన పెయింట్ కనిపించేది అభిమాని తీసిన ఫొటోలోనే.

భద్రత మాటేమిటి? యుద్ధం జరుగుతున్న చోట సైనిక విమానాల ఫొటో, సమయం, స్థలం వెంటనే నెట్‌లో పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. అలాంటప్పుడు ఆంక్షలు పెట్టే హక్కు ప్రభుత్వానికి ఉంది, స్పాటర్లు కూడా తమంతట తాము ఆగాలి. మామూలు రోజుల్లో పౌర విమానాశ్రయం కంచె బయట, అందరికీ కనిపించే విమానాన్ని తీసేవాణ్ని పట్టుకుని కెమెరాలోవి చెరిపించడం వల్ల మాత్రం ఏ భద్రతా పెరగదు. అక్కడికి రోజూ వచ్చేవాడికి కొత్త మనిషి, వింతగా నిలిపిన బండి, కంచెకు పడ్డ కన్నం ఎవరికన్నా ముందు కనిపిస్తాయి. కెనడాలోని ఒటావా విమానాశ్రయం ఈ సంగతి గ్రహించి ఎయిర్‌పోర్ట్ వాచ్ పేరుతో స్పాటర్లనే కాపలాలో కలుపుకుంది. జ్యూరిక్‌లో, టోక్యో హనేడాలో జనం నిలబడి చూడటానికి డాబాలున్నాయి. మాంచెస్టర్‌లో రన్‌వే పక్కన పార్కే కట్టి, అందులో ధ్వని కన్నా వేగంగా ఎగిరిన పాత కాంకర్డ్ విమానం పెట్టారు.

మిగతా విమానాశ్రయాలూ ఇంత ఖర్చు పెట్టాలని అనను. ఎక్కడ నిలబడవచ్చో, ఏది తీయకూడదో రాసి కంచెకు ఒక బోర్డు తగిలించాలి, గేటు దగ్గరి గార్డుకు కూడా అదే చెప్పాలి. ఇవాళ చాలాచోట్ల ఆ నిర్ణయం ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషి మూడ్‌ను బట్టి ఉంటోంది. కెమెరా పట్టుకున్నవాడికే కాదు, ఆ గార్డుకూ అదే టెన్షన్.