ఆరుగురికి ఒక నాటకం

తెలుగులో నాటకానికి దృశ్యకావ్యం అని పేరు. చూసేవాడు ప్రేక్షకుడు, వినేవాడు శ్రోత. ముట్టుకుని, వాసన పీల్చి, ఊగి, ఒంటితో నాటకాన్ని అందుకునేవాడిని ఏమనాలో మాత్రం మన దగ్గర మాట లేదు. అలాంటివాడు కూడా నాటకానికి వస్తాడని ఎవరికీ తోచలేదు మరి.

పదిహేడేళ్ల అమ్మాయిని ఒకరిని ఊహించుకోండి. వీల్‌చైర్‌లోనే ఉంటుంది. మాట రాదు. చూపు కొద్దిగా ఉంది, అదీ ఒక పక్కకే. ఆహారం పొట్టకు అమర్చిన ట్యూబ్ ద్వారా వెళ్తుంది, మూర్ఛకు రోజూ మందులు పడాలి. ఆమెను మామూలు నాటకానికి తీసుకెళితే ఆమెకు అందేది చీకటి, ఎక్కడో దూరంగా వెలుగు, అర్థం కాని మాటలు, ఉన్నట్టుండి చప్పట్లు. ఆమె గట్టిగా ఒక శబ్దం చేస్తే చాలు, ముందు వరుసల్లో తలలన్నీ వెనక్కి తిరుగుతాయి. పక్కనున్న అమ్మకు టెన్షన్. ఇద్దరూ సగంలోనే లేచి వచ్చేస్తారు.

సెన్సరీ థియేటర్, అంటే స్పర్శ, వాసన, కదలిక లాంటి అన్ని ఇంద్రియాలకూ అందే నాటకం, ఇలాంటి ప్రేక్షకులను ముందు పెట్టుకుని పుట్టింది. ఒక ఆటకు ఐదారుగురే ఉంటారు. కొన్ని బృందాల్లో దాదాపు ఒక్కొక్కరికి ఒక్కో నటుడు. లోపలికి ఒక్కొక్కరుగా వస్తారు. వచ్చినవారిని వారి పేరుతో పాట పాడి పలకరిస్తారు. కథలో గాలి వీస్తే ముఖానికి గాలి తగలాలి, వాన పడితే చేతి మీద చినుకు పడాలి.

లండన్‌లో 1981లో మొదలైన ఆయిలీ కార్ట్ బృందం తొలుత పసిపిల్లలకు నాటకాలు వేసేది. 1980ల చివర్లో వికలాంగ పిల్లలు చదివే ప్రత్యేక పాఠశాలలకు వెళ్లడం మొదలుపెట్టాక దాని దారే మారిపోయింది. ట్రాంపోలిన్ల మీద, వెచ్చటి నీళ్ల కొలనుల్లో నాటకాలు వేశారు. 2009లో ఆకమ్స్ రేజర్ అనే సర్కస్ బృందంతో కలిసి చేసిన ప్రదర్శనలో ప్రేక్షకుల కుర్చీలే ఊగాయి, కళాకారులు గాల్లో విన్యాసాలు చేశారు. ఇదంతా హంగు కోసం కాదు. చూపు, వినికిడి అంతంత మాత్రంగా ఉన్నవారిలో కూడా చాలామందికి ఒళ్లు ఎటు ఒరుగుతోందో, ఎంత ఊగుతోందో లోపలి చెవి చెబుతూనే ఉంటుంది. కథ ఆ దారిలోనూ లోపలికి వెళ్తుంది.

అయితే పరికరాలు ఉన్నంత మాత్రాన నాటకం అయిపోదు. 1970లలో నెదర్లాండ్స్‌లో స్నూజెలెన్ గదులు వచ్చాయి. రంగుల దీపాలు, బుడగలు పైకి లేచే గొట్టాలు, మెత్తటి పరుపులు ఉంటాయి వాటిలో. మంచి ఆలోచనే. కానీ బుడగల గొట్టం ముందు కుర్చీ నిలిపి, ఫోన్ చూసుకుంటూ పక్కన కూర్చుంటే అది ఆ మనిషికి ఒక టీవీ లాంటిదే. ఆ యంత్రానికి ఎదుట ఎవరున్నారో తెలియదు. నటుడికి తెలియాలి.

ఈ కళలో అసలు కష్టం ఆగడం. తడిపిన చల్లటి ఆకును ఆ అమ్మాయి చేతికి తాకించారనుకోండి. మనలాంటి వాళ్లు వెంటనే ముఖంలోకి చూస్తారు. రెండు సెకన్లలో ఏమీ కనిపించకపోతే ఆకు తీసేసి ఇంకో వస్తువు పెడతారు. ఆ స్పర్శ ఆమెలో స్థిరపడి, జవాబు బయటికి రావడానికి అర నిమిషం పట్టవచ్చు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అర నిమిషం ఏమీ చేయకుండా ఒకరి ఎదుట కూర్చుని చూడండి, ఎంత పొడుగ్గా ఉంటుందో తెలుస్తుంది. మౌనం కనపడగానే డైలాగుతో పూడ్చేయడం నటులకు అలవాటు. ఇక్కడ ఆ అలవాటును మానుకోవాలి.

వచ్చే జవాబు కూడా చప్పట్ల లాంటిది కాదు. రెప్ప ఒకసారి వాలుతుంది, ఊపిరి ఒక క్షణం ఆగుతుంది, బొటనవేలు ముడుచుకుంటుంది. అది ఇష్టమా, భయమా, చిన్న మూర్ఛా? రోజూ కనిపెట్టుకుని ఉండేవాళ్లకే తెలుస్తుంది. అందుకే అమ్మనో సహాయకురాలినో తలుపు బయట కూర్చోబెట్టే బృందాన్ని నేను నమ్మను. తల పక్కకు తిప్పుకుంటే 'వద్దు' అన్నట్టే, ఆకు వెనక్కి వెళ్లిపోవాలి. ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రి పాఠశాలలో 1980లలో డేవ్ హ్యూయెట్, మెలానీ నిండ్ తదితరులు రూపుదిద్దిన 'ఇంటెన్సివ్ ఇంటరాక్షన్' పద్ధతి కూడా ఇదే నేర్పుతుంది: అవతలివారు చేసే చిన్న శబ్దాన్ని, కదలికను మాటగా తీసుకుని, వాళ్ల వేగంలోనే బదులివ్వడం. ఆ అమ్మాయి ఊపిరి తీసే లయను డోలు అందుకుంటే ఆ కాసేపు పాట నడిపేది ఆమే.

ఇక్కడ ఒక పేచీ ఉంది, దాన్ని దాటేయకూడదు. ఆమెకు ఏమనిపించిందో మనకు నిజంగా తెలుసా? రెప్ప వాలితే 'ఎంత ఆనందించిందో' అని మనం రాసుకుంటున్నామా? కొంతవరకు రాసుకుంటున్నాం. గ్రాంట్ల కోసం పంపే నివేదికల్లో అయితే మరీను. ఏకాగ్రత పెరిగింది, ప్రవర్తన మెరుగుపడింది అని గడులు నింపుతుంటారు. ఆ గడులు ఉండడమే తప్పు అంటాను. మామూలు నాటకం చూసి బయటికొచ్చినవాడిని బీపీ ఎంత తగ్గిందని ఎవరూ అడగరు. ఈ అమ్మాయి విషయంలో మాత్రం నాటకం మందులా పనిచేయాలి, లేకపోతే డబ్బు దండగ. చికిత్స కావాలంటే చికిత్సకులు ఉన్నారు. నటుడు ఇచ్చేది వేరే, దాని ఫలితాన్ని కొలవలేకపోవడం దాని లోపం కాదు.

డబ్బు ప్రశ్న మాత్రం నిజమైనదే. రోజుకు రెండు ఆటలు, ఆటకు ఆరుగురు, మొత్తం పన్నెండు మంది. 300 కుర్చీల హాల్లో ఒక్క సాయంత్రం నిండితే ఇరవై అయిదు రోజుల ప్రేక్షకులు అక్కడే ఉన్నట్టు. తలలు లెక్కపెట్టి డబ్బు ఇస్తే ఈ నాటకం ఎప్పటికీ ఓడిపోతుంది. ఆరుగురికి ఖర్చుపెడితే బయట నిలబడిన మిగతావాళ్ల సంగతేమిటని అడిగేవాళ్లను కసురుకోలేం కూడా. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆరుగురిని అరవై చేస్తే మాత్రం ఒక్కరికీ నాటకం అందదు, అది ఖాయం.

వయసు సంగతి తేలిగ్గా వదిలేస్తున్నారు. పదిహేడేళ్ల మనిషికి కుందేలు పిల్ల పాటలు పాడటం నాకు చికాకు. మాట రానంత మాత్రాన పసిపిల్ల కాదు. ఆమె ఒంట్లో పదిహేడేళ్లున్నాయి, చీకటి కథ, గట్టి సంగీతం, కాస్త భయం కూడా ఆమెకు దక్కాలి. ఇంగ్లండ్‌లోని ఫ్రోజెన్ లైట్ బృందం టీనేజర్లకు, పెద్దలకు అలాంటి నాటకాలే వేస్తుంది. వాటిని అసలు థియేటర్లలోనే ఆడుతుంది. ఎందుకంటే ఇల్లు, పాఠశాల దాటి టికెట్ చింపించుకుని లోపలికి వెళ్లడం కూడా నాటకంలో భాగమే.

అలా వెళ్లాలంటే ముందు మరుగుదొడ్డి కావాలి. మామూలు వికలాంగుల టాయిలెట్ వీళ్లకు సరిపోదు. మనిషిని ఎత్తే యంత్రం, పెద్దవాళ్లు పడుకోగల బల్ల కావాలి. అవి లేక ఎందరో టాయిలెట్ నేల మీదే పిల్లలకు బట్టలు మారుస్తున్నారు. బ్రిటన్‌లో 2006లో ఇలాంటి టాయిలెట్ల కోసం 'చేంజింగ్ ప్లేసెస్' ఉద్యమం వచ్చింది. 2021 నుంచి ఇంగ్లండ్‌లో కొత్తగా కట్టే పెద్ద ప్రజా భవనాల్లో ఆ వసతి తప్పనిసరి అయింది. స్టేజీకి లైట్లు కొనేముందు ఈ బల్ల కొనాలి.

ఇంకొకటి, గడియారం. నలభై అయిదు నిమిషాల నాటకం అయిపోతుంది, వీడ్కోలు పాట పాడతారు, పేరు పేరునా. ఆకు తాకినప్పుడు కదలని అమ్మాయి సరిగ్గా ఆ పాట చివర్లో చెయ్యి ఎత్తుతుంది, ఆకు కోసం. అప్పటికే నటులు సామాను సర్దుతుంటారు, తరువాతి ఆరుగురు తలుపు దగ్గర ఉంటారు, బయట పాఠశాల వ్యాన్ హారన్ కొడుతుంటుంది.