నక్కకు .223 చాలు

మన సంఘం పిక్నిక్‌లలో ఇదివరకు గ్రీన్ కార్డులు, స్కూళ్లు, ఇళ్ల రేట్లే మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు మేకల మాట వస్తోంది. డాలస్‌కు గంటన్నర దూరంలో పదెకరాలో పదిహేనెకరాలో కొని, పది మేకలు, ఇరవై కోళ్లు పెట్టుకున్న నల్గొండ, పాలమూరు వాళ్లు నాకు తెలిసే అరడజను మంది ఉన్నారు. మేకలు ఈనగానే టెన్షన్ మొదలవుతుంది. కూనల్ని కయోటీ ఎత్తుకుపోతుంది. కయోటీ అంటే మన నక్కకు అన్న, తోడేలుకు తమ్ముడు అనుకోండి. ఆ వారమే నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, ఏ రైఫిల్ కొనమంటవ్?"

.223 అనే చిన్న తూటా కాల్చే రైఫిల్ తీసుకో, బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగి తోసేది) తీసుకో, రైఫిల్ మీద మిగిలింది స్కోపుకు (గురి చూసే దుర్భిణికి) పెట్టు అంటాను. ఈ జవాబు చాలామందికి రుచించదు. ఒకరికి సైనికుల చేతిలో కనిపించేలాంటిది కావాలి, ఇంకొకరికి అన్నిటికంటే వేగంగా పోయేది కావాలి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే గాని మనకు తృప్తి ఉండదు.

నేనూ అలా బోల్తా పడ్డవాణ్ణే. కౌంటర్ వెనక అబ్బాయి మాట విని మొదట .22-250 తూటా కాల్చే రైఫిల్ కొన్నాను. అది చెడ్డ తూటా ఏమీ కాదు. 55 గ్రెయిన్ల (దాదాపు మూడున్నర గ్రాముల) గుండును సెకనుకు 3,600 అడుగుల వేగంతో పంపుతుంది. .223 అదే గుండును 3,200 అడుగుల దాకా పంపుతుంది. ఆ నాలుగు వందల అడుగుల కోసం దాదాపు ఒకటిన్నర రెట్లు తుపాకి మందు కాలుతుంది. గొట్టం త్వరగా వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది. తూటాల ధర చూసి నేను ప్రాక్టీసే మానేశాను. పైగా డబ్బంతా రైఫిల్‌కే అయిపోయిందని నాసిరకం స్కోపు బిగించాను. ఒక సాయంత్రం రెండు వందల గజాల్లో కయోటీ నిలబడింది. ట్రిగ్గర్ నొక్కాను. గుండు వెనక కాలికి తగిలింది. మూడు కాళ్ల మీద గడ్డిలోకి పోయింది. అర్ధరాత్రి దాకా బ్యాటరీ పట్టుకుని వెతికినా దొరకలేదు. మర్నాడు కాగితం మీద కాల్చి చూస్తే, వంద గజాలకే నాలుగంగుళాలు కుడికి పోతోంది. స్కోపు ఎప్పుడు కదిలిందో నాకే తెలియదు.

కయోటీ ఛాతీలో గుండు పడాల్సిన చోటు అరచేయంత. వంద గజాల దగ్గర గుళ్లన్నీ అంగుళంలోపు దగ్గర దగ్గరగా పడేలా గుంపు కట్టే రైఫిల్ రెండు వందల దగ్గర రెండంగుళాల్లో కడుతుంది, అది చాలు. కంపెనీ పెట్టెలో పెట్టే కాగితం మీద సాధారణంగా మూడు గుళ్ల గుంపే ఉంటుంది. మీరు అయిదు కాల్చండి. మూడు అదృష్టం కొద్దీ దగ్గర పడతాయి, అయిదు అబద్ధం చెప్పడం కష్టం. బోల్ట్ యాక్షన్ ఎందుకంటే, ప్రతి తూటాకు బోల్ట్ పిడి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోయాలి. ఆ పని చేస్తున్నంతసేపు మనిషి ఆలోచిస్తాడు. .223కు వెనక్కి తన్నేది కూడా తక్కువ కాబట్టి, గుండు ఎక్కడ పడిందో స్కోపులోనే కనిపిస్తుంది.

షాపుకు పోయినప్పుడు ఒక డాలర్ నోటు తీసి గొట్టానికీ దాని కింద పట్టుకునే చెక్కకూ మధ్య దూర్చి, కొస నుంచి బోల్ట్ వైపు లాగండి. ఎక్కడా పట్టుకోకుండా జారితే గొట్టం చెక్కను తాకకుండా ఉన్నట్టు. మధ్యలో ఆగిందా, గొట్టం వేడెక్కినప్పుడు గురి ఎటు పోతుందో చెప్పలేం. తర్వాత గొట్టం మీద చెక్కిన ట్విస్ట్ (గుండును తిప్పే లోపలి గాడుల మెలిక) అంకె చూడండి. 1:12 అంటే పన్నెండంగుళాలకు గుండు ఒక చుట్టు తిరుగుతుంది. 40, 50, 55 గ్రెయిన్ల తేలిక గుళ్లకు అది చాలు. 1:8 అయితే 70 దాటిన బరువు గుళ్లూ నిలకడగా పోతాయి. నేను 1:9 దగ్గర ఆగాను. నాలుగు రకాల తూటాలు ఒక్కో పెట్టె కొని, మీ గొట్టానికి ఏది నచ్చిందో కాగితం మీదే చూసుకోండి. పక్కింటాయన గొట్టానికి పడింది మీ దానికి పడకపోవచ్చు. చూడ్డానికి అలాగే ఉండే 5.56 అని రాసున్న సైనిక తూటాలు మాత్రం .223 చాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) పెట్టకండి, ఒత్తిడి ఎక్కువ.

పశ్చిమ టెక్సాస్ పోయి ప్రెయిరీ డాగ్ కాల్చేవాళ్లు ఉన్నారు. పేరుకే డాగ్, అది ఉడుత జాతి. దానికి .17 హెచ్‌ఎంఆర్ అనే ఇంకా చిన్న తూటా సరదాగా ఉంటుంది కానీ ఆ గుండు 17 గ్రెయిన్లే, నూట యాభై గజాలు దాటితే గాలి చెప్పినట్టు వింటుంది.

హెచ్-1బీ మీద ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. ఆ వీసా మీద తుపాకి కొనడానికీ ఉంచుకోవడానికీ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, లాయర్‌ను అడిగాకే అడుగు వేయండి. "నీ పేరు మీద కొనిపెట్టు అన్నా" అనడం నేరం, కొనిపెట్టడమూ నేరమే.

అసలు సంగతి తూటా ఎక్కడ ఆగుతుందనేది. చిన్నప్పుడు ఆడుకునేదిలా కనిపించే .22 తూటా కూడా మైలు దాటి పోతుంది, నీళ్ల మీదా రాళ్ల మీదా పడితే ఎగిరి ఇంకోవైపు తిరుగుతుంది. .223లో పలచని తొడుగున్న తేలిక గుండు నేలను తాకగానే చాలావరకు ముక్కలవుతుంది. నాకు అది నచ్చడానికి ఇదే పెద్ద కారణం. అయినా దిబ్బ మీద, వెనక ఆకాశమే ఉన్న జంతువును కాల్చకూడదు. వెనక మట్టి కనిపించాలి.

దేవరకొండ దగ్గర మా తాత పల్లి చేనులో మంచె మీద ఒడిసెల పట్టుకుని పడుకునేవాడు. రాయి వేసే ముందు "ఎవల్రా ఆడ?" అని మూడుసార్లు అరిచేవాడు. పంది అప్పటికే పోయేది. చేతగాక అరుస్తున్నాడని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఆ చేను చూసుకునే మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "అన్నా, నీ తుపాకి ఈడుంటే పందుల పని అయిపోతుండె."

అక్కడ 1959 ఆయుధాల చట్టం ఉంది, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. పంట పాడు చేసే పందిని కాల్చాలన్నా అధికారి రాసిచ్చిన అనుమతి కావాలి. నారాయణపేట వైపు చేలు మేసే కృష్ణజింకనైతే ముట్టుకోవడానికే లేదు. అదే జింకను ఇక్కడికి తెచ్చి పెంచి, టెక్సాస్ రాంచ్‌లలో డబ్బులు కట్టించుకుని వేటాడిస్తున్నారు. మా వాడికి ఈ సంగతి చెప్తే అయిదు నిమిషాలు నవ్వాడు. పందికి .223 చిన్నదని కూడా చెప్పాను. ఆ మాట వినలేదు.

పోయిన నెల రాత్రిపూట వీడియో పంపాడు. చేను చుట్టూ పాత చీరలు కట్టాడు, పందులు వాటిని లెక్కచేయక దూరాయట. "ఇగ జూడు, ఇంత దగ్గర్నుంచి కొట్టకపోదునా" అంటున్నాడు. నేను వీడియో రెండోసారి పెట్టుకుని చూశాను. పందులు కదులుతున్న చోటికి సరిగ్గా వెనకాల, రెండు వందల గజాలు ఉంటుందేమో, పక్క చేను మంచె మీద ఎవరిదో బ్యాటరీ వెలిగి ఆరిపోయింది.